గొట్టం వేయమంటారా?
ఆ ప్రశ్న రోగినే ముందుగా అడగాలి

పట్నంలో పెద్దాసుపత్రి. ఐసీయూ తలుపు బయట ఓ బెంచీ. దాని మీద ఊరి నుంచి వచ్చిన నలుగురు మనుషులు, ఓ క్యారియరు, నీళ్ల సీసా, దుప్పటి. అర్ధరాత్రి దాటాక డాక్టరుగారు బయటికి వస్తారు. "పెద్దాయనకు ఊపిరి అందడం లేదు. గొట్టం వేయమంటారా? త్వరగా చెప్పండి" అంటారు.

పెద్దకొడుకు తమ్ముడి ముఖం చూస్తాడు. తమ్ముడు అక్క ముఖం చూస్తాడు. 'వద్దు' అనే ధైర్యం ఎవరికీ ఉండదు. అన్నవాణ్ని రేపు ఊరు ఊరుకోదు. "డబ్బుకు చూసుకుని కన్నతండ్రిని వదిలేశాడు" అంటుంది. సంతకం పడిపోతుంది. కొన్నాళ్లకు అరెకరం బేరానికి వస్తుంది. ఇక లాభం లేదని తెలిశాక "మా ఇష్టప్రకారమే తీసుకుపోతున్నాం" అని మరో సంతకం పెట్టి అంబులెన్సు ఎక్కిస్తారు.

లోపల పడుకున్న మనిషి నిన్న సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. నీకేం కావాలని ఆయన్ను అడిగినవారు మాత్రం లేరు.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు.

యంత్రం ఒకటే, ఫలితాలు రెండు

వెంటిలేటరు అంటే ఊపిరాడించే యంత్రం. నోట్లోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేసి దీనికి తగిలిస్తారు. గొట్టం ఉన్నంతసేపూ రోగి మాట్లాడలేడు. తట్టుకోవడానికి చాలామందికి మత్తుమందు ఇస్తారు. ఎక్కువ రోజులు పట్టేటట్లుంటే గొంతు దగ్గర రంధ్రం చేసి అక్కడినుంచి గొట్టం పెడతారు.

ఈ యంత్రాన్ని చూసి హడలిపోవలసిన పని లేదు. కట్లపాము కరిచినవాడికి విషం ఎక్కి ఊపిరి తీసే కండరాలు పనిచేయవు. పురుగుమందు తాగినవాడికీ ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. అలాంటి వారిని కొద్దిరోజులు యంత్రం మీద ఉంచి, విరుగుడు మందులు ఇస్తే మళ్లీ నడిచి ఇంటికి వచ్చేవారు ఎందరో. అక్కడ 'వద్దు' అనడం నిండు ప్రాణం తీసుకోవడమే.

కాన్సరు ఒళ్లంతా పాకి, మందులకు లొంగని దశకు చేరిన మనిషి సంగతి వేరు. యంత్రం ఊపిరి ఆడిస్తుంది గాని రోగాన్ని తగ్గించదు. కిడ్నీలు పూర్తిగా పోయినవారికి చేసే డయాలసిస్ కూడా ఇలాంటిదే. సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున చేస్తారు. దానితో ఏళ్ల తరబడి పని చేసుకుంటూ బతికేవారున్నారు. వయసు మీరి, గుండె కూడా దెబ్బతిని, ఆ ప్రయాణమే ఓ శిక్షగా మారినవారూ ఉన్నారు.

కాబట్టి డాక్టరుగారిని అడగాల్సినవి మూడు మాటలు. ఈ యంత్రం పెడితే మనిషి కోలుకుంటాడా? కోలుకుంటే ఏ స్థితిలో ఉంటాడు? పెట్టకపోతే బాధ లేకుండా ఏం చేస్తారు?

హైదరాబాదు కుర్రాడు అడిగాడు

2004లో హైదరాబాదులో వెంకటేశ్ అనే పాతికేళ్ల చదరంగం ఆటగాడు ఈ ప్రశ్నను తానే ఎత్తాడు. చిన్ననాటి నుంచి కండరాలు క్రమంగా చచ్చుబడిపోయే జబ్బు. చివరికి వెంటిలేటరు మీదకు చేరాడు. తన అవయవాలు పాడవకముందే ఇతరులకు ఇవ్వాలని, అందుకోసం యంత్రం తీసేయాలని అతని కోరిక. కొడుకు మాట నిలబెట్టడానికి తల్లి హైకోర్టు మెట్లెక్కారు. చట్టం ఒప్పుకోదని కోర్టు కాదన్నది. ఆ డిసెంబరులోనే వెంకటేశ్ కన్నుమూశాడు.

బొంబాయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్‌ది మరో విషాదం. 1973లో ఆసుపత్రిలోనే ఆమెపై దాడి జరిగింది. మెదడు దెబ్బతిని 2015లో చనిపోయేదాకా మంచం మీదే ఉన్నారు. ఆమెకు ఆహారం ఆపడానికి 2011లో సుప్రీంకోర్టు అంగీకరించలేదు. అయితే కోలుకునే ఆశలేని రోగికి హైకోర్టు అనుమతితో ప్రాణాధార చికిత్స ఆపవచ్చని ఆ తీర్పులోనే చెప్పింది.

2018 మార్చి 9న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఇంకో అడుగు ముందుకు వేసింది. గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనన్నది. తెలివిలో ఉన్న వయోజనుడు తనకు ఫలానా చికిత్స వద్దనవచ్చు. రేపు మాట పడిపోతే ఏం చేయాలో ఈరోజే రాసిపెట్టుకోవచ్చు. అయితే సూది వేసి ప్రాణం తీయడం మాత్రం అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే.

ఈ వీలునామా రాయడం ఎలా?

పొలానికి వీలునామా రాసినట్లే వైద్యానికీ రాసుకోవచ్చు. దీన్ని 'లివింగ్ విల్' అంటున్నారు. మొదట్లో మేజిస్ట్రేటు సంతకం కావలసి వచ్చేది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ చిక్కు తీసేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, నోటరీ చేతగాని గెజిటెడ్ అధికారి చేతగాని ధ్రువీకరింపజేస్తే చాలు.

ఏ స్థితిలో ఏ చికిత్స వద్దో అందులో స్పష్టంగా రాయాలి. తాను చెప్పలేని స్థితిలో తన తరఫున ఎవరు మాట్లాడాలో పేరు రాయాలి. ఒక ప్రతి వారికి, ఒకటి ఇంటి డాక్టరు ఉంటే ఆయనకు, ఒకటి పంచాయతీ లేక మునిసిపాలిటీలో సంబంధిత అధికారికి ఇవ్వాలి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు.

కాగితం ఉన్నంత మాత్రాన యంత్రం వెంటనే ఆపరు. వైద్యం చేస్తున్న డాక్టరు, మరో ఇద్దరు నిపుణులు కలిసి పరిశీలిస్తారు. వారి మాటను రెండో వైద్యబృందం సరిచూస్తుంది. అందులో జిల్లా ముఖ్య వైద్యాధికారి సూచించిన డాక్టరు ఒకరు ఉంటారు. ఒక్కో బృందం వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. అమలుకు ముందు మేజిస్ట్రేటుకు తెలియజేస్తారు. ఆస్తి కోసం ఎవరైనా తొందరపడతారేమోనన్న భయానికి ఇవీ కాపలాలు. వీలునామా లేనివారి విషయంలో కూడా కుటుంబసభ్యుల అంగీకారంతో ఇలాంటి పద్ధతే పాటిస్తారు.

వైద్యం ఆగదు

'గొట్టం వద్దు' అంటే 'మందు వద్దు' అని అర్థం కాదు. నొప్పి తగ్గించడం, ఆయాసం తగ్గించడం, పుండ్లు కడగడం, నిద్ర పట్టేలా చూడడం చివరి ఘడియ దాకా సాగాల్సిందే. కాన్సరు నొప్పికి వాడే మార్ఫిన్ ఇదివరకు దొరకడం గగనంగా ఉండేది. 2014లో చట్టం సవరించి ఆ అడ్డంకులు తగ్గించారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో ఇలాంటి ఉపశమన వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది.

ఇన్ని దారులున్నా నోరు పెగలకపోవడమే అసలు చిక్కు. రోగి ఆ మాట ఎత్తబోతే "తథాస్తు దేవతలుంటారు, అలా అనకు" అని మనమే నోరు మూయిస్తాం. ఆయన ధైర్యం చెడకూడదని పిల్లలు దాస్తారు. పిల్లలు బెంగపడతారని ఆయన దాస్తాడు. ఇద్దరికీ తెలిసిన సంగతే ఇద్దరి మధ్యా మూటకట్టి ఉండిపోతుంది.

కొందరు ఆఖరి క్షణం దాకా పోరాడతామంటారు. కొందరు తమ ఇంట్లో, తమవాళ్ల మధ్య, తులసి తీర్థంతో వెళ్లిపోతే చాలంటారు. రెండూ తప్పు కాదు. ఏది కావాలన్నా చెప్పాల్సింది ఆ మనిషే.

అది అర్ధరాత్రి ఐసీయూ తలుపు దగ్గర తేలే సంగతి కాదు. సాయంత్రం పూట అరుగు మీద, నోట మాట ఉండగా, పిల్లలందరినీ కూర్చోబెట్టుకుని చెప్పుకోవాలి. అప్పుడు పెద్దకొడుకు పెట్టే సంతకం తండ్రి మాటకు కట్టుబడి పెట్టిన సంతకమవుతుంది. ఊరు ఏమన్నా అతనికి ఒక సమాధానం ఉంటుంది.