అడవిలో చేసినా కొలువే

జంతుశాస్త్రం చదివిన పిల్లలకు విదేశీ అడవుల్లో పరిశోధన సహాయకుల ఉద్యోగ ప్రకటన కనబడితే కళ్లు మెరుస్తాయి. చివరి పేరాలో షరతులు చదివాక గుండె జారుతుంది. చాలా ప్రకటనల్లో జీతం ఉండదు. విమాన ఛార్జీలు, వీసా, బీమా ఖర్చు వచ్చేవాళ్లే పెట్టుకోవాలి. కొన్నిచోట్ల తిండికీ బసకూ ఎదురు డబ్బు కట్టాలి. వచ్చే అనుభవమే ప్రతిఫలమంటారు. ఈ ఏర్పాటు పనిచేసేవాళ్లకు అన్యాయం, శాస్త్రానికీ చేటు.

ముందు ఆ పని ఎలాంటిదో చూద్దాం. దక్షిణాఫ్రికాలోని కురుమాన్ నది రిజర్వులో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త టిమ్ క్లటన్-బ్రాక్ 1993లో మీర్‌క్యాట్ల అధ్యయనం మొదలుపెట్టారు. ముంగిస కుటుంబానికి చెందిన ఈ చిన్న జంతువులు పొద్దున్నే బొరియల్లోంచి బయటికొచ్చే వేళకు సహాయకులు అక్కడ ఉండాలి. ఉడికించిన గుడ్డు తునకలు ఆశచూపి ఒక్కోదాన్నీ త్రాసు ఎక్కించి బరువు రాసుకోవాలి. ఒంటిమీది రంగు గుర్తులతో దేన్నీ మరోదానిగా పొరబడకుండా పోల్చుకోవాలి. ఏది కాపలా కాసింది, ఏది దేని పిల్లకు తిండి పెట్టింది అన్నది ఎండలో గంటల తరబడి గమనించాలి. గుంపుగా పిల్లల్ని సాకే జంతువుల గురించి అక్కణ్నుంచి వెలువడిన పరిశోధన పత్రాలు ఈ తూకాల మీదే నిలబడ్డాయి. ఇంత నైపుణ్యం కోరే పనిని సరదా యాత్రగా చూడడం తప్పు.

శిక్షణ ఇస్తున్నప్పుడు జీతమెందుకని అడిగేవాళ్లున్నారు. నేర్చుకునేవాడు రాసిన అంకెలు పత్రంలోకి ఎక్కుతున్నప్పుడు అది శిక్షణతో పాటు ఉత్పత్తి కూడా. ఇష్టం ఉన్నవాళ్లు డబ్బు లెక్కచేయరనీ, చింపాంజీల పరిశోధకురాలు జేన్ గుడాల్ డిగ్రీ లేకుండానే అడవికి వెళ్లారనీ అంటారు. నిజమే, 1960 జులైలో 26 ఏళ్ల వయసులో ఆమె ఇప్పటి టాంజానియాలోని గోంబే చేరారు. అయితే ఆ తొలి ఆరు నెలల ఖర్చుకు ఆమెను పంపిన శాస్త్రవేత్త లూయిస్ లీకీ అమెరికా దాత దగ్గర నిధులు సంపాదించాకే ఆ పని మొదలైంది. ఆ తర్వాతి సంగతి ఇంకా ముఖ్యమైనది. 1975 మే నెలలో జైర్ (ఇప్పటి కాంగో) నుంచి వచ్చిన సాయుధులు గోంబేలో నలుగురు విద్యార్థుల్ని ఎత్తుకుపోయారు. విదేశీ విద్యార్థులు వెళ్లిపోయాక చింపాంజీల వెంట నడిచి రోజువారీ వివరాలు రాసింది టాంజానియా సహాయకులే. ఆ పని వాళ్ల బతుకుతెరువు కాబట్టే రికార్డు తెగిపోలేదు. సొంత ఖర్చుతో వచ్చి ఏడాదికి వెళ్లిపోయేవాళ్లతో అలాంటి కొనసాగింపు రాదు.

అందరికీ జీతాలిస్తే ఖాళీలు తగ్గుతాయన్న అభ్యంతరంలో నిజముంది. తగ్గినా నష్టం లేదంటాను. జీపు డీజిలుకూ రేడియో కాలర్లకూ గ్రాంటులో పద్దు రాసేవాళ్లు మనిషి కష్టానికీ రాయగలరు. ఇవాళ్టి ఏర్పాటులో ఆర్టీసీ కండక్టరు కూతురికీ కౌలురైతు కొడుక్కీ మొదటి మెట్టే అందదు. జీతం లేని పోస్టులు డబ్బులేని ఇళ్ల పిల్లల్ని ఈ రంగం బయటే ఆపేస్తాయని పరిశోధకులు ఆరియెల్ ఫోర్నియర్, అలెగ్జాండర్ బాండ్ 2015లోనే హెచ్చరించారు. భద్రత సంగతి అంతకన్నా కలవరపెడుతుంది. క్షేత్ర పరిశోధన చేసిన 666 మంది జవాబుల ఆధారంగా 2014లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన సర్వేలో 64 శాతం మంది తాము లైంగిక వేధింపులు ఎదుర్కొన్నామన్నారు. బాధితుల్లో ఎక్కువమంది విద్యార్థినులు, కొత్తగా చేరిన మహిళలు. ఊరికి దూరంగా, ఒప్పందపత్రం లేకుండా, సిఫారసు లేఖ కోసం పై అధికారి దయ మీద ఆధారపడ్డ మనిషి ఎవరికి ఫిర్యాదు చేస్తుంది?

అందుకే బయల్దేరే ముందు అడగండి. జీతమెంత? జబ్బుచేస్తే ఆస్పత్రికి చేర్చే బీమా ఎవరిది? రేబిస్ టీకాల ఖర్చు ఎవరు భరిస్తారు? వేధింపులపై ఆ శిబిరంతో సంబంధం లేని ఎవరికి చెప్పుకోవాలి? స్థానిక సహాయకులకు ఎంత ఇస్తున్నారు? జవాబులు రాతపూర్వకంగా రాకపోతే టికెట్ కొనకండి.