ఎర్రచుక్క చెరిపేశారు!

సముద్రం మీద గంటల తరబడి ఒంటరిగా తిరగాలి. శత్రువు కంట పడకూడదు. సొంతవాళ్లు మాత్రం చూడగానే గుర్తుపట్టాలి. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళాల గస్తీ బాంబర్లకు ఎదురైన పెద్ద చిక్కు ఇదే. దానికి వెతికిన జవాబులన్నీ ఆ విమానాల ఒంటి మీద రంగులై మిగిలాయి.

1942 మే నెల. పసిఫిక్ సముద్రంలోని అమెరికా స్థావరాల్లో సిబ్బంది రంగుడబ్బాలు పట్టుకుని విమానాల చుట్టూ చేరారు. పని చిన్నదే. అమెరికా విమానాల మీద నీలం వృత్తం, అందులో తెల్ల నక్షత్రం, ఆ నక్షత్రం నడుమ ఒక ఎర్రచుక్క ఉండేవి. ఆ చుక్క మీద తెల్లరంగు పూసేయాలి. తోక మీది ఎరుపు, తెలుపు చారల్నీ తీసేయాలి. ఇంత హడావుడి ఎందుకంటే... జపాన్ విమానాల గుర్తు కూడా ఎర్రటి సూర్యుడే! దూరం నుంచి ఎరుపు కాస్త కనిపిస్తే చాలు, నౌకల మీది తుపాకులు పేలేవి. తమ విమానమో శత్రువుదో తేల్చుకోవడానికి ఉండేది కొద్ది సెకన్లే మరి.

ఆ రోజుల్లో గస్తీ పనికి పేరుమోసిన విమానం క్యాటలినా. యుద్ధం మొదలవడానికి ముందు నుంచి ముగిసేదాకా దాని మీద ఎన్ని రంగులు మారాయో చూస్తే చాలు... యుద్ధం ఎలా సాగిందో సగం తెలిసిపోతుంది.

నీళ్లే రన్‌వే!

క్యాటలినా మొదటిసారి ఎగిరింది 1935 మార్చి 28న. తయారుచేసింది అమెరికాలోని కన్సాలిడేటెడ్ కంపెనీ. దాన్ని రూపొందించిన ఇంజినీరు ఐజాక్ లాడన్. పొట్టభాగం అచ్చం పడవలా ఉంటుంది. అందుకే నీళ్ల మీదే దిగుతుంది, నీళ్ల మీద నుంచే లేస్తుంది. తర్వాత వచ్చిన కొన్ని రకాలకు చక్రాలూ పెట్టడంతో నేల మీదా దిగగలిగేవి. రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు 104 అడుగులు. రెండు ఇంజిన్లూ ఆ రెక్క మీదే. వెనకవైపు రెండు పక్కలా బుడగల్లాంటి పెద్ద అద్దాల గదులు. అందులో కూర్చుంటే సముద్రమంతా కళ్లముందే!

నౌకాదళం లెక్కల్లో దాని పేరు పీబీవై. పీబీ అంటే పెట్రోల్ బాంబర్. వై అనేది కంపెనీకి ఇచ్చిన అక్షరం. కన్సాలిడేటెడ్‌కు ‘సి’ ఇవ్వాలి కదా అంటారా? దాన్ని అప్పటికే కర్టిస్ కంపెనీకి ఇచ్చేశారు. క్యాటలినా అని ముద్దుగా పిలిచింది మాత్రం బ్రిటిష్‌వాళ్లు. కాలిఫోర్నియా తీరంలోని ఓ దీవి పేరు అది.

వేగంలో అది నత్తే. మామూలుగా గంటకు 200 కిలోమీటర్లు. కానీ ఒకసారి ఇంధనం నింపితే దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు తిరిగేది. ఎనిమిదీ తొమ్మిది మంది సిబ్బంది, పడుకోవడానికి బల్లలు. పగలంతా గస్తీ తిరిగి, రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగం!

పసుపు రెక్కల కాలం

యుద్ధానికి ముందు ఈ విమానాలు పెళ్లివారి బస్సులా ఉండేవి. ఒళ్లంతా వెండిరంగు. రెక్కల పైభాగం నిగనిగలాడే పసుపు. ఆ పసుపు అందానికి వేసింది కాదు. విమానం సముద్రంలో పడిపోతే, వెతకడానికి వెళ్లినవాళ్లకు పైనుంచి కొట్టొచ్చినట్టు కనిపించాలని! ఇక తోకల మీద ఒక్కో దళానికి ఒక్కో రంగు. పక్కన పెద్ద అక్షరాలతో అంకెలు. ‘14-పి-1’ అని రాసుంటే 14వ గస్తీ దళంలో మొదటి విమానమన్నమాట.

ఐరోపాలో యుద్ధం రాజుకున్నాక ఈ సోకులన్నీ పోయాయి. 1941లో పైన నీలం కలిసిన బూడిద, కింద లేత బూడిద అన్నారు. పైనుంచి చూస్తే సముద్రంలో, కిందనుంచి చూస్తే ఆకాశంలో కలిసిపోవాలని. అంతవరకూ ‘కనిపించాలి’ అన్నది సూత్రం. అక్కడి నుంచి ‘కనిపించకూడదు’ అన్నదే సూత్రమైంది.

గుర్తు బ్రిటన్‌ది... పైలట్ అమెరికన్!

1941 మే 24న జర్మనీ యుద్ధనౌక బిస్మార్క్, బ్రిటన్‌కు గర్వకారణమైన హుడ్ నౌకను ముంచేసింది. 1,400 మందికి పైగా చనిపోయారు. బతికింది ముగ్గురే. ఆ తర్వాత బిస్మార్క్ అట్లాంటిక్‌లో మాయమైపోయింది. బ్రిటన్ నౌకలన్నీ గాలిస్తున్నాయి. జాడ లేదు.

26వ తేదీ ఉదయం ఉత్తర ఐర్లండ్‌లోని లాక్ ఎర్న్ సరస్సు నుంచి వెళ్లిన ఒక క్యాటలినాకు అది దొరికింది. మేఘాల చాటు నుంచి బయటికి రాగానే కిందనుంచి గుళ్ల వర్షం. విమానానికి చిల్లులు పడ్డాయి. అయినా కబురు మాత్రం చేరింది. ఆ సాయంత్రమే విమానవాహక నౌక ఆర్క్ రాయల్ నుంచి వెళ్లిన విమానాలు బిస్మార్క్ చుక్కానిని దెబ్బతీశాయి. మర్నాడు అది మునిగిపోయింది.

ఆ క్యాటలినా మీద ఉన్నవి బ్రిటిష్ వలయాలు, 209వ దళం తాలూకు అక్షరాలు. నడుపుతున్న ఇద్దరిలో డెన్నిస్ బ్రిగ్స్ బ్రిటిష్ అధికారే. రెండో పైలట్ లియోనార్డ్ స్మిత్ మాత్రం అమెరికా నౌకాదళం మనిషి. అప్పటికి అమెరికా యుద్ధంలోకే దిగలేదు! విమానం అమెరికాది, పైలట్ అమెరికావాడు. పైకి కనిపించే గుర్తు మాత్రం బ్రిటన్‌ది. ఆ సంగతి చాలాకాలం గుట్టుగా ఉంచారు.

మనవాళ్లే అనుకుని...

గుర్తుపట్టడంలో ఒక్క క్షణం తడబడితే ఏమవుతుందో 1941 డిసెంబరు 7న తెలిసింది. ఆ తెల్లవారుజామున పెర్ల్ హార్బర్ ముఖద్వారం దగ్గర గస్తీ తిరుగుతోంది 14-పి-1 క్యాటలినా. పైలట్ విలియం టానర్. ఉండకూడనిచోట ఓ చిన్న జలాంతర్గామి కనిపించింది. తమదే ఏదో ప్రమాదంలో ఉందనుకుని, దగ్గర్లోని నౌకకు చోటు తెలియడానికి పొగ గుర్తులు వేశారు. ఈలోగా వార్డ్ అనే నౌక దానిమీద కాల్పులు మొదలుపెట్టింది. అప్పుడు విమానం కూడా బాంబులు వేసింది. అది జపాన్ జలాంతర్గామి!

వైమానిక దాడి మొదలవడానికి గంటకు పైగా ముందే ఇదంతా జరిగింది. కబుర్లు పైకి వెళ్లాయి. కానీ నమ్మి కదలడంలో ఆలస్యమైంది. కాసేపట్లోనే జపాన్ విమానాలు వచ్చిపడ్డాయి. దగ్గర్లోని కనియోహె స్థావరంలో ఉన్న 36 క్యాటలినాల్లో గస్తీకి వెళ్లిన మూడే క్షేమంగా మిగిలాయి. వాటిలో ఒకటి ఆ 14-పి-1. ఆ జలాంతర్గామి శిథిలాలు 2002లో సముద్రం అడుగున దొరికాయి.

వైజాగ్‌కు రెండు రోజుల ముందు

1942 ఏప్రిల్ 4. శ్రీలంక దక్షిణ తీరంలోని కొగ్గల సరస్సు నుంచి కెనడా దళానికి చెందిన క్యాటలినా గస్తీకి వెళ్లింది. పైలట్ లియోనార్డ్ బిర్చాల్. సాయంత్రం తిరుగుముఖం పట్టబోతుండగా దూరాన చుక్కల్లా ఏవో నౌకలు. దగ్గరికి వెళ్లి చూస్తే... పెర్ల్ హార్బర్‌ను కూల్చిన జపాన్ నౌకాదళమే! ఎన్ని నౌకలున్నాయి, ఎటు వెళుతున్నాయి అన్నది రేడియోలో చెబుతుండగానే జీరో యుద్ధవిమానాలు చుట్టుముట్టాయి. పట్టపగలు, నడి సముద్రంలో, గంటకు 200 కిలోమీటర్ల విమానాన్ని ఏ రంగు దాచగలదు? విమానం కూలింది. తొమ్మిది మందిలో ముగ్గురు చనిపోయారు. మిగతావాళ్లు జపాన్‌కు బందీలయ్యారు. బిర్చాల్ యుద్ధం ముగిసేదాకా చెరలోనే ఉన్నారు.

అయితేనేం, కబురు కొలంబోకు అందింది. మర్నాడు ఈస్టర్ ఆదివారం. దాడి జరిగేసరికి రేవులోని చాలా నౌకలు బయటికి వెళ్లిపోయాయి. అందుకే బిర్చాల్‌ను ‘సిలోన్ రక్షకుడు’ అన్నారు.

అదే సమయంలో జపాన్‌ది మరో నౌకాబృందం బంగాళాఖాతంలో సరకు నౌకల్ని వేటాడుతోంది. అందులోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలే ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. సముద్రం మీద ముందుగా చూసే కన్ను ఎంత అవసరమో తెలుగు తీరానికి తెలిసొచ్చిన రోజది. కొద్ది నెలలకే మద్రాసు పక్కనున్న రెడ్‌హిల్స్ చెరువు క్యాటలినాల స్థావరమైంది. ఇప్పుడు చెన్నైకి మంచినీళ్లిస్తున్న చెరువే అది! అక్కడి నుంచి బ్రిటిష్ 240వ దళం బంగాళాఖాతంలో గస్తీ తిరిగేది.

ఇటువైపు కూడా ఎరుపుతో అదే ఇబ్బంది. బ్రిటిష్ వలయం మధ్యలో ఉండేది ఎర్రచుక్కే కదా! అందుకే భారత్, బర్మా వైపు తిరిగే విమానాల మీద ఆ ఎరుపును తీసేశారు. ముదురు నీలం, మధ్యలో లేత నీలం మిగిలాయి. నాటి భారత వైమానిక దళం విమానాల మీదా ఆ నీలి వలయాలే ఉండేవి.

తెలుపు ఎందుకు? నలుపు ఎందుకు?

అట్లాంటిక్‌లో ఇంకో సమస్య. అక్కడ శత్రువు జర్మన్ జలాంతర్గామి. విమానాన్ని చూసిందంటే చటుక్కున నీళ్లలోకి మునిగిపోతుంది. బ్రిటన్ తీరరక్షక విమానాల్లో కొన్ని రాత్రి బాంబర్లుగా పనిచేసినవి. వాటి పొట్ట నల్లగా ఉండేది. 1941లో ఆ దళానికి సాయపడుతున్న శాస్త్రవేత్తల బృందం దీన్ని పట్టించుకుంది. దాని నాయకుడు ప్యాట్రిక్ బ్లాకెట్. మబ్బుపట్టిన ఆకాశం ముందు నల్లటి విమానం ఎంతో దూరం నుంచే తెలిసిపోతుంది. తెల్లగా ఉంటే బాగా దగ్గరికి వచ్చేదాకా తెలీదు. చేపల్ని పట్టే సముద్రపు కొంగల పొట్ట తెల్లగా ఉండటంలో కిటుకూ అదే! పొట్టకూ పక్కలకూ తెల్లరంగు వేశారు. జలాంతర్గామి మునిగేలోపు మీదికి వెళ్లే అవకాశం పెరిగింది. ఈ బ్లాకెట్‌కే 1948లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. స్వతంత్ర భారతదేశానికి రక్షణ పరిశోధనల్లో సలహాలిచ్చిందీ ఆయనే.

పసిఫిక్‌లో కథ తలకిందులైంది. పగలు ఎగిరితే జీరోలు బతకనివ్వవు. సరే, రాత్రే వెళదాం అనుకున్నారు. 1942 డిసెంబరులో గ్వాడల్‌కెనాల్‌కు వచ్చిన 12వ గస్తీ దళం క్యాటలినాలకు తలనుంచి తోకదాకా మెరుపు లేని నల్లరంగు. రాడార్ సాయంతో చీకట్లో జపాన్ నౌకల్ని వెతికి, తక్కువ ఎత్తు నుంచి బాంబులు వేసేవి. వాటికొచ్చిన పేరు ‘బ్లాక్ క్యాట్స్’. నత్తనడక విమానం చీకట్లో నల్లపిల్లి అయింది!

రంగు కాదు, ఆకారం

చుక్క చెరిపేసినా చిక్కు తీరలేదు. దూరం పెరిగేకొద్దీ కంటికి రంగు తెలియదు, ఆకారమే తెలుస్తుంది. నీలం వృత్తంలోని నక్షత్రం దూరానికి ఓ గుండ్రటి మచ్చ. జపాన్ సూర్యుడూ గుండ్రటి మచ్చే! అందుకే 1943 జూన్‌లో వృత్తానికి రెండు పక్కలా తెల్లటి పట్టీలు చేర్చి, చుట్టూ ఎర్ర అంచు గీశారు. మళ్లీ ఎరుపా అని పసిఫిక్‌లో గొడవ. కొన్ని వారాలకే ఆ అంచును నీలం చేసేశారు. తెల్ల పట్టీలు మాత్రం ఉండిపోయాయి.

రెక్కల మీద మనుషులు

1945 జులై 30న జపాన్ జలాంతర్గామి అమెరికా యుద్ధనౌక ఇండియానాపొలిస్‌ను ముంచేసింది. అణుబాంబు భాగాల్ని టినియన్ దీవికి చేర్చి వెళుతున్న నౌక అది. అందులో 1,195 మంది ఉన్నారు. మునిగిన సంగతే ఎవరికీ తెలీదు. బతికినవాళ్లు సొరచేపల మధ్య, తాగడానికి నీళ్లు లేక నాలుగు రోజులు తేలుతూ ఉండిపోయారు. ఆగస్టు 2న వెంచురా అనే మరో రకం గస్తీ బాంబర్ సముద్రం మీద తెట్టులా ఉన్న నూనెను చూసి కిందికి దిగింది. జలాంతర్గామి అనుకుంటే... మనుషులు!

సాయానికి బయల్దేరిన క్యాటలినా పైలట్ ఏడ్రియన్ మార్క్స్. నడిసముద్రంలో దిగొద్దన్నది నిబంధన. ఎత్తైన అలలు. కానీ కింద సొరచేపలు మనుషుల్ని లాక్కుపోతున్నాయి. సిబ్బందిని అడిగారు. అందరూ దిగుదామన్నారు. దిగారు. ఒంటరిగా కొట్టుకుపోతున్నవాళ్లను ముందు లోపలికి లాగారు. లోపల చోటు నిండాక, రెక్కల మీద పడుకోబెట్టి పారాచూట్ తాళ్లతో కట్టారు. అలా 56 మంది! ఇక ఆ విమానం ఎగరలేదు. రాత్రంతా పడవలా తేలుతూనే ఉంది. నౌకలు వచ్చి వాళ్లను ఎక్కించుకున్నాక, దెబ్బతిన్న విమానాన్ని అక్కడే ముంచేశారు. చివరికి ఇండియానాపొలిస్‌లో బతికి బయటపడ్డవాళ్లు 316 మంది.

శత్రువు కంట పడకుండా ఉండటానికి ఇన్నేళ్లు ఇన్ని రంగులు మార్చుకున్న విమానం అది. కానీ ఆ రోజు నీళ్లలో ఉన్నవాళ్లకు కావలసింది ఒక్కటే... అది తమ కంట పడటం!

ఎరుపు తిరిగొచ్చింది

యుద్ధం ముగిసింది. భయపెట్టిన ఎర్రసూర్యుడు ఆకాశంలో లేడు. 1947లో అమెరికా తన విమానాల గుర్తులోకి ఎరుపును తిరిగి తెచ్చుకుంది. నడుమ చుక్కగా కాదు, పక్క పట్టీల మధ్య చారగా. ఇవాళ్టికీ అదే గుర్తు. మూడు వేలకు పైగా తయారైన క్యాటలినాల్లో కొన్ని ఇప్పటికీ ఎగురుతున్నాయి. నీలం, తెలుపు, నలుపు... వాటి మీద ఏ రంగు ఉందో చూస్తే ఏ సముద్రం, ఏ ఏడాది కథ చెబుతున్నాయో తెలిసిపోతుంది.

సముద్రపు గస్తీ విమానాన్ని దగ్గర్నుంచి చూడటానికి మనం మరీ దూరం వెళ్లక్కర్లేదు. విశాఖ బీచ్‌రోడ్డులో 2017 నుంచీ టీయూ-142 విమానం మ్యూజియమై నిలబడి ఉంది. బంగాళాఖాతం మీద, హిందూ మహాసముద్రం మీద దాదాపు 29 ఏళ్లు కాపలా కాసిన విమానం అది. ఈసారి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఇంజిన్లతోపాటు దాని ఒంటి రంగునూ, గుర్తునూ కూడా చూపించండి. ఒకటి శత్రువు కోసం, ఇంకొకటి మనవాళ్ల కోసం!