కార్డు కట్టని ఖర్చు

జగిత్యాలలోనో కోరుట్లలోనో సిరిసిల్లలోనో ఒక ఇంట్లో క్యాన్సర్ బయటపడితే, చూడవచ్చిన చుట్టాలు ధైర్యం చెప్పే మాట ఒకటే: ‘ఆరోగ్యశ్రీ ఉన్నది కదా!’ నిజమే, ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం లేకపోతే ఈ ప్రాంతంలో ఎందరో పేదలు ఆపరేషన్ బల్ల దాకా వెళ్లేవాళ్లే కాదు. 2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వం దాని పరిమితిని ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచింది. ఇంత అండ ఉన్నా క్యాన్సర్ వచ్చిన కూలి కుటుంబం అప్పుల్లో కూరుకుపోతోంది. కార్డు కట్టేది ఆసుపత్రి బిల్లు. ఇల్లు గుల్లయ్యేది ఆగిపోయిన కూలి వల్ల, బస్సు చార్జీల వల్ల, హైదరాబాద్‌లో గది అద్దె వల్ల, రోజూ బయట కొనుక్కునే తిండి వల్ల. అందుకే చికిత్స మొదలైన రోజు నుంచి ముగిసేదాకా ప్రతి పేద క్యాన్సర్ రోగికీ ప్రభుత్వం నెలనెలా భృతి ఇవ్వాలి. అది ఇవ్వనంతకాలం 10 లక్షల కార్డు సగం పనే చేస్తుంది.

చికిత్స నడిచే తీరు చూస్తే సంగతి అర్థమవుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ అంటే సాధారణంగా వారానికి ఐదు రోజులు, ఐదు వారాలు. ఆ పైన లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ. ఒక్కో సిట్టింగుకు యంత్రం కింద పట్టేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల కోసం కోరుట్ల మనిషి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని హైదరాబాద్‌కు రోజూ వెళ్లి రాలేడు. అందుకని రోగి, తోడుగా మరొకరు, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి చుట్టుపక్కలనో, మరో ఆసుపత్రి దగ్గరో నెలకు పైగా ఉండిపోవాలి. కీమో అయితే తరచుగా 21 రోజులకొకసారి. ఆరు విడతలంటే నాలుగు నెలలు. ప్రతి విడతకూ ముందు రక్తపరీక్ష. తెల్లరక్తకణాలు తగ్గాయంటే తిరిగి ఊరికి, మళ్లీ వారానికి రాక. 2023 డిసెంబరు నుంచి మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు, అది పెద్ద ఊరట. కానీ రోగి మగవాడైతే, తోడొచ్చేది కొడుకో భర్తో అయితే టికెట్ కొనాల్సిందే. కీమో ఎక్కించుకుని వాంతులతో ఉన్న మనిషిని కిక్కిరిసిన ఎక్స్‌ప్రెస్‌లో నిలబెట్టి తీసుకురావడం ఎవరికైనా కష్టమే.

ఇక సంపాదన సంగతి. కోరుట్ల, జగిత్యాల ప్రాంతంలో వేల ఇళ్లు బీడీ చాట మీద నడుస్తాయి. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి వెయ్యి బీడీలు అప్పజెబితే ఆ వెయ్యికి కూలి. చుట్టని రోజు పైసా లేదు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే కార్మికుడికీ మీటర్ల లెక్కే, సాంచా ఆగితే కూలి ఆగుతుంది. అదే ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుడతారు, లేదా బీడీలు చేస్తారు. జీతంతో కూడిన సెలవు అన్నది ఈ బతుకుల్లో లేదు. కాబట్టి ఒకరికి జబ్బు చేస్తే ఇద్దరి కూలి పోతుంది, రోగిది, తోడు వెళ్లినవారిది. తోడు వెళ్లినవారికి రోజుకు 500 రూపాయల కూలి అనుకుందాం. వారానికి ఆరు పనిదినాల చొప్పున ఐదు వారాలకు 15 వేలు. రోగి పోగొట్టుకున్నది, గదికీ తిండికీ అయినది దీనికి అదనం. నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు మీద ఈ నెలలు గడుస్తాయి.

అసలు కార్డు లెక్కలోకి రాకముందే కొంత సొమ్ము పోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ, పట్టణంలో నర్సింగ్‌హోం, స్కానింగ్ సెంటర్, బయాప్సీ. నెట్‌వర్క్ ఆసుపత్రి గడప తొక్కేదాకా అయ్యేదంతా చేతి డబ్బే. జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం క్యాన్సర్‌తో ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే వైద్యానికి అయ్యే సగటు ఖర్చు ప్రభుత్వ ఆసుపత్రిలోనే సుమారు 22 వేల రూపాయలు, ప్రైవేటులో 93 వేలు. ఇది ఒక్క చేరికకు. క్యాన్సర్ రోగి ఒక్కసారితో ఇంటికి రాడు.

సాయాలు లేవా అంటే, కాగితం మీద చాలానే ఉన్నాయి. రైల్వే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, మూడో తరగతి ఏసీలో పూర్తి రాయితీ ఇస్తుంది, తోడు వెళ్లేవారికి 75 శాతం. కానీ సిరిసిల్లకు రైలే రాలేదు. అక్కడికి రావాల్సిన మనోహరాబాద్-కొత్తపల్లి లైను 2023లో సిద్దిపేట దాకా వచ్చింది. జగిత్యాల, కోరుట్లలకు పెద్దపల్లి-నిజామాబాద్ లైను ఉన్నా, హైదరాబాద్ పోవడానికి జనం ఎక్కేది ఆర్టీసీ బస్సే. ఆదాయపు పన్నులో చికిత్స ఖర్చుకిచ్చే మినహాయింపు పన్ను కట్టేవాళ్లకే పనికొస్తుంది. ముఖ్యమంత్రి సహాయనిధి చాలామందికి బిల్లులు కట్టాక, ఎమ్మెల్యే సిఫారసు లేఖతో వచ్చే చెక్కు. బీడీ కార్మికులకు కేంద్ర కార్మిక సంక్షేమ సంస్థ క్యాన్సర్ చికిత్స ఖర్చు 7.5 లక్షల దాకా తిరిగి చెల్లిస్తుంది. అది మంచి పథకం, గుర్తింపు కార్డున్న ప్రతి ఇంటికీ తెలియాల్సిన పథకం. అయితే దానికీ ముందు ఖర్చు పెట్టాలి, రసీదులు దాచాలి. అన్నింటిదీ ఒకటే లోపం: డబ్బు కావాల్సిన నెలలో రాదు.

సకాలంలో రాకపోతే ఏమవుతుంది? 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన విస్తృత పరిశీలన, క్యాన్సర్ చికిత్స నాలుగు వారాలు ఆలస్యమైతే చికిత్సను బట్టి మరణ ముప్పు 6 నుంచి 13 శాతం దాకా పెరుగుతుందని తేల్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో రేడియేషన్ మొత్తం ఎనిమిది వారాల్లో ముగియాలని వైద్యులు పట్టుబట్టేది ఇందుకే. మధ్యలో ఆగితే జబ్బు మళ్లీ బలపడుతుంది. మిత్తి పెరిగి, చేతిలో డబ్బాడక మూడో కీమో దగ్గర ఆగిపోయిన రోగి విషయంలో, ఆరోగ్యశ్రీ అప్పటిదాకా పెట్టిన సొమ్ము కూడా చాలావరకు వృథాయే. నెలకు 5 వేల చొప్పున ఆరు నెలలు ఇస్తే 30 వేలు. అది 10 లక్షల పరిమితిలో మూడు శాతం. ఆ మూడు శాతం మిగతా ఖర్చునంతా కాపాడుతుందన్నప్పుడు దాన్ని దానంగా చూడకూడదు, చికిత్సలో భాగంగానే చూడాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలిగ్గా తీసిపారేయదగ్గవి కావు. ఖజానా మీద ఇప్పటికే బరువు ఎక్కువ, 2025లో బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసే దాకా వచ్చింది, కొత్త పింఛను ఎక్కడి నుంచి తెస్తారని అడుగుతారు. బకాయిలు ముందు తీర్చాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఈ భృతి జీవితాంతం ఇచ్చేది కాదు. చికిత్స సాగినన్ని నెలలే కాబట్టి దాని పరిమాణాన్ని ముందే లెక్కగట్టవచ్చు. దొంగ సర్టిఫికెట్లు పుట్టుకొస్తాయంటారు. వయసు, వైకల్యం తేల్చడం కంటే క్యాన్సర్ తేల్చడం సులువు. బయాప్సీ నివేదిక ఉంటుంది, ఆరోగ్యశ్రీ అనుమతి ఎలాగూ కంప్యూటర్‌లో నమోదవుతుంది. ప్రతి విడత నమోదుతోనే ఆ నెల డబ్బు ఖాతాలో పడేలా చేయవచ్చు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు: క్షయ రోగులకు 2018 ఏప్రిల్ నుంచి పోషకాహారం కోసం నెలకు 500, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు నేరుగా బ్యాంకులో పడుతున్నాయి. ఒక్క క్యాన్సర్‌కే ఎందుకు, గుండెజబ్బూ పక్షవాతం మాటేమిటన్నది కాస్త గట్టి ప్రశ్న. నెలల తరబడి, తేదీల ప్రకారం, ఊరు విడిచి తీసుకోవాల్సిన చికిత్స ఏ జబ్బుకుంటే దానికి ఈ వాదన వర్తిస్తుంది. ఆ లెక్కనే 2022 ఆగస్టులో తెలంగాణలో డయాలసిస్ రోగులను ఆసరా పింఛను పథకంలో చేర్చి నెలకు 2,016 రూపాయలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లకు 10 వేలు అందుతోంది. కేరళ క్యాన్సర్ రోగులకు నెలవారీ పింఛను ఇస్తోంది, హరియాణా మూడు, నాలుగు దశల రోగులకు ఇస్తోంది.

డబ్బు పంచడం కంటే ఆసుపత్రులు దగ్గరికి తేవడం మేలు కదా అనేవాళ్లతో సగం ఏకీభవించాలి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2025-26 కేంద్ర బడ్జెట్ మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామంది. మొదటి కీమో హైదరాబాద్‌లో ఎక్కించి, మిగతా విడతలు జగిత్యాల, సిరిసిల్ల దవాఖానల్లోనే ఇస్తే కోరుట్ల మనిషి పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరతాడు. శిక్షణ ఉన్న నర్సు, మందుల నిల్వ, ఎంఎన్‌జేతో రోజువారీ సంప్రదింపు ఉంటే అది సాధ్యమే. రేడియేషన్ అలా కాదు. మందపాటి కాంక్రీటు గది, మెడికల్ ఫిజిసిస్టు, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి, ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా రోగి ప్రయాణం తప్పదు, భృతీ తప్పదు. ముందస్తు పరీక్షల శిబిరాలకూ ఇదే వర్తిస్తుంది. శిబిరంలో ఒకామెకు రొమ్ములో గడ్డ ఉందని చెప్పి, చికిత్సకు పోయి వచ్చే దారి చూపకపోతే ఆమెకు మిగిలేది భయమే.

జబ్బు చికిత్సకు లొంగని రోగుల విషయంలో అడగాల్సింది ఇంకా తక్కువ. నొప్పి తగ్గించే మార్ఫిన్, ఇంటికొచ్చే నర్సు. తెలంగాణలో ‘ఆలన’ పేరుతో ఉపశమన సేవ ఉంది. అది మండలాల చివరి ఊళ్ల దాకా చేరాలి.

డయాలసిస్ రోగులకు పింఛను ఇవ్వడానికి కొత్త చట్టమేదీ చేయలేదు, ఉన్న పథకంలోనే చేర్చారు. క్యాన్సర్ రోగులనూ అలాగే చేర్చవచ్చు. జగిత్యాల, సిరిసిల్ల కలెక్టరేట్లలో సోమవారం ప్రజావాణి జరుగుతుంది. రోగి కుటుంబాలు ఒక్కొక్కటిగా అక్కడికెళ్లి చేతులు జోడించడం ఇక చాలు. బీడీ సంఘాలు, సాంచాల కార్మిక సంఘాలు, కుల సంఘాలు, గల్ఫ్ కార్మికుల సంఘాలు కలిసి ఒకే దరఖాస్తు పెట్టాలి: చికిత్స సాగినన్ని నెలలు భృతి, రోగికీ తోడుకీ బస్ పాస్, జిల్లా దవాఖానలో కీమో. దాని నకలు మన ఎమ్మెల్యేల చేతికివ్వండి, వచ్చే బడ్జెట్ సమావేశాల్లో అడిగేదాకా వదలకండి.