మరుగునీటిలో చెడని వ్రాత

ఎసటిలో పోసిన బియ్య మేమగునో ఎఱుగనివారు లేరు. ఉడికిన గ్రుడ్డు మరల ద్రవము కానేరదు. ఇట్లుండ, నీరు మరుగు వేడిమియందే హాయిగా పెరుగు ప్రాణి యొకటి కలదని నేనన్నచో శ్రోతలు పరిహసింతురేమో! 1986లో ఫియాలా, స్టెట్టర్ అను శాస్త్రజ్ఞులు ఇటలీలోని వల్కానో ద్వీపతీరమున, సముద్రగర్భపు వేడి యిసుకనుండి దానిని వేరుచేసి, పైరోకాకస్ ఫ్యూరియోసస్ అని పేరిడిరి. 100 డిగ్రీల సెంటిగ్రేడు దానికి మిక్కిలి హితము. కంటికి కానరాని యీ ప్రాణి బాక్టీరియా కాదు. 1977లో వోస్, ఫాక్స్ అనువారు ప్రత్యేకవర్గముగా గుర్తించిన ఆర్కియాలలోనిది.

వంశలక్షణములు లిఖింపబడియుండు డి.ఎన్.ఏ. తంతువు వేడికి చెడును. కొన్ని యక్షరము లూడిపోవును. సైటొసిన్ అను నక్షరము యురాసిల్‌గా మారును. ఆ మార్పును గమనింపక ప్రతి వ్రాసినచో తప్పు సంతతికి స్థిరపడును. ఆర్కియాలయందు ప్రతి వ్రాయు పాలిమరేజ్ అను మాంసకృత్తు, ఎదుటనున్న యురాసిల్‌ను నాలుగక్షరముల దూరముననే పసికట్టి ఆగిపోవును. ఇంతటి మెలకువగల లేఖకులు మనలో నెందఱో!

తంతువు రెండు పేటలును తెగినచో పని మఱింత కఠినము. పురుగు తినిన తాళపత్రమును బాగుచేయు పండితుడేమి చేయును? చెడిన యంచులు తీసివేసి, అదే గ్రంథమునకు మఱియొక ప్రతిని సంపాదించి, సరియైన చోటు వెదకి, లోపించిన పాఠమును పూరించును. ఇచటను అంతే. మ్రె11, రాడ్50, హెర్‌ఎ, నుర్‌ఎ అను మాంసకృత్తులు కూడి తెగిన కొనలయందొక పేటను కొంతదూరము తొలగించును. మిగిలిన పేటపై రాడ్‌ఎ అనునది మెలికలుగా చుట్టుకొని, కణములోని వేఱొక ప్రతిలో సరిపోలు భాగమును వెదకి పట్టుకొనును. దానిని చూచి లోపము పూరింపబడును. అపుడు రెండు తంతువులును పెనవేసికొని ముడిపడును. ఇట్టి ముడి యుండునని 1964లోనే రాబిన్ హాలిడే యూహించెను. దానిని కోసి విడదీయు హెచ్‌జెసి అను మాంసకృత్తు 1999లో ఈ పైరోకాకస్‌నందే దొరకినది.

ఈ నేర్పు ఎంతటిదో 1997లో ప్రకటింపబడిన పరీక్షవలన తెలిసినది. 2500 గ్రేల గామాకిరణములచే దీని డి.ఎన్.ఏ.ను తునుకలు చేసి, 95 డిగ్రీల వేడిలో నుంచగా, తునుకలు మరల అతుకుకొనినవి. మనుష్యునకు ఐదారు గ్రేలే ప్రాణాంతకము.

ఎక్కడి వల్కానో, ఎక్కడి మనము అని తలపవలదు. మన కణములలోని రాడ్51 ఈ రాడ్‌ఎకు దగ్గఱి బంధువు. దానిని తెగినచోటికి చేర్చునది బి.ఆర్.సి.ఎ.2 అను మాంసకృత్తు. అందు వంశానుగతమైన లోపమున్న స్త్రీలకు రొమ్ముపుండు, అండాశయపుపుండు సోకు ప్రమాదము హెచ్చు. ఈ రెండిటికిని గల పట్టు ఎట్టిదో విశదపఱచుటకు 2003లో పరిశోధకులు పైరోకాకస్ మాంసకృత్తునే స్ఫటికముగా చేసి, దాని రూపమును చూచిరి.