భాగం 9: చిన్న వీడియో ఎడిటింగ్ బృందానికి ఉమ్మడి నెట్‌వర్క్ స్టోరేజీ ఎంపిక

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఒక ఎడిటింగ్ బృందానికి ఎంత నిల్వ స్థలం, ఎంత వేగం కావాలో లెక్కగట్టగలుగుతారు.
• రెయిడ్ స్థాయుల మధ్య తేడాను వివరించగలుగుతారు.
• రెయిడ్‌కు, బ్యాకప్‌కు మధ్య ఉన్న భేదాన్ని చెప్పగలుగుతారు.
• స్థానిక పరిస్థితులకు తగిన స్టోరేజీని కారణాలతో ఎంపిక చేయగలుగుతారు.

9.1 పరిచయం

వీడియో నిర్మాణం ఇప్పుడు హైదరాబాద్‌కే పరిమితమైన పని కాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి పనిచేసే 'మై విలేజ్ షో' బృందం ఊళ్లోనే ఉండి వీడియోలు తీసి, గంగవ్వ వంటి గ్రామీణులను తెలుగువాళ్లందరికీ పరిచయం చేసింది. ఉత్తర తెలంగాణలో జానపద పాటల వీడియోలు, పెండ్లి వీడియోలు, స్థానిక వార్తల వీడియోలు ఎందరికో ఉపాధి చూపుతున్నాయి.

పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్‌లో రాజీవ్ రహదారి పక్కన ఒక స్టూడియో ఉందనుకుందాం. అందులో ముగ్గురు ఎడిటర్లు పనిచేస్తారు. పెండ్లిళ్లు మూడు కెమెరాలతో చిత్రిస్తారు. ఫుటేజీ అంతా పోర్టబుల్ డ్రైవులలో ఉంటుంది. ఒకరి పని అయ్యేదాకా మరొకరు డ్రైవు కోసం ఎదురుచూస్తారు. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' అనే పేర్లతో ఒకే ప్రాజెక్టు మూడు చోట్ల ఉంటుంది. ఒకరోజు ఆ డ్రైవు కిందపడితే? భోజనాల దృశ్యం పోతే సర్దిచెప్పుకోవచ్చు. తలంబ్రాలు, అప్పగింతలు మళ్లీ తీయలేం. అందువల్ల స్టోరేజీ ఎంపికను కేవలం వస్తువు కొనుగోలుగా చూడకూడదు. ఇతరుల జ్ఞాపకాలకు పూచీ పడటంగా చూడాలి. ఈ స్టూడియోనే ఉదాహరణగా తీసుకొని ఎంపికను అంచెలంచెలుగా నేర్చుకుందాం.

9.2 ఉమ్మడి నిల్వ పద్ధతులు

ఒక కంప్యూటరుకు నేరుగా తగిలించిన డిస్కు ఆ కంప్యూటరుకే పరిమితం. అందులోని ఫోల్డరును ఇతరులకు షేర్ చేయవచ్చు. కానీ ఆ కంప్యూటరు ఆగితే అందరి పనీ ఆగుతుంది.

రెండో పద్ధతి నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్. దీనినే క్లుప్తంగా 'నాస్' అంటారు. ఇది నాలుగైదు డిస్కులు పట్టే పెట్టె. దానికంటూ సొంత ప్రాసెసరు, ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటాయి. ఎడిటర్లందరికీ ఒక ఉమ్మడి ఫోల్డరుగా కనిపిస్తుంది. ఎవరు ఏ ఫోల్డరును చూడవచ్చో, ఎవరు మార్చవచ్చో నిర్ణయించే వీలుంటుంది. సినాలజీ, క్యూనాప్ వంటి సంస్థల తయారు పెట్టెలు దొరుకుతాయి. పాత కంప్యూటరులో ట్రూనాస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసి కూడా నాస్ తయారుచేసుకోవచ్చు.

మూడోది స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్. ఇది పెద్ద టీవీ సంస్థలకు తగినది. ఖర్చు, నిర్వహణ రెండూ ఎక్కువ. ముగ్గురి బృందానికి నాస్ సరిపోతుంది.

9.3 స్థలం లెక్క

ముందుగా ఒక చిన్న సూత్రం గుర్తుంచుకోండి. కెమెరా, నెట్‌వర్క్ వేగాలను మెగాబిట్లలో చెబుతారు. ఫైలు పరిమాణాన్ని మెగాబైట్లలో చెబుతారు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి మెగాబిట్లను 8తో భాగిస్తే మెగాబైట్లు వస్తాయి.

కెమెరా సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కె వీడియో రికార్డు చేస్తుందనుకుందాం. అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు, గంటకు 45 గిగాబైట్లు.

• ఒక పెండ్లికి: 3 కెమెరాలు × 8 గంటలు × 45 = 1,080 గిగాబైట్లు, అంటే సుమారు 1.08 టెరాబైట్లు.
• నెలకు 4 పెండ్లిళ్లు, ఒక్కోటి 3 నెలలు దాచాలంటే: 12 × 1.08 = సుమారు 13 టెరాబైట్లు.
• ప్రాజెక్టు ఫైళ్లు, సంగీతం, ఎగుమతి చేసిన వీడియోలకు 20 శాతం కలిపితే: 15.6 టెరాబైట్లు.
• డిస్కులు నిండే కొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి 80 శాతానికి మించి నింపకూడదనుకుంటే: 15.6 ÷ 0.8 = 19.5 టెరాబైట్లు.

మాఘం, ఫాల్గుణం, వైశాఖం వంటి ముహూర్తాల నెలల్లో పని పెరుగుతుంది. మూఢాలలో తగ్గుతుంది. లెక్క ఎప్పుడూ రద్దీ నెలలకే వేయాలి.

9.4 వేగం లెక్క

సాధారణ గిగాబిట్ నెట్‌వర్కులో సెకనుకు 125 మెగాబైట్లు పోవాలి. ఆచరణలో సుమారు 110 వస్తాయి. 2.5 గిగాబిట్ నెట్‌వర్కులో సుమారు 280, 10 గిగాబిట్‌లో సుమారు 1,100 మెగాబైట్లు ఆశించవచ్చు.

మన ఎడిటరు మూడు కెమెరాల వీడియోను ఒకేసారి చూస్తూ కత్తిరిస్తారు. ఇప్పుడు మూడు సందర్భాలను పరిశీలించండి.

(అ) కెమెరా ఫైళ్లతోనే ఎడిటింగ్: ఒక ఎడిటరుకు 3 × 12.5 = 37.5 మెగాబైట్లు. ముగ్గురికి 112.5. నాస్ ఒకే గిగాబిట్ తీగతో కలిసి ఉంటే హద్దు దాటినట్లే. ముగ్గురూ ఒకేసారి ప్లే చేస్తే వీడియో ఆగి ఆగి నడుస్తుంది.

(ఆ) ప్రోరెస్ 422 లోకి మార్చి ఎడిటింగ్: 4కె, సెకనుకు 25 ఫ్రేముల వద్ద దీని వేగం 492 మెగాబిట్లు, అంటే 61.5 మెగాబైట్లు. ఒక ఎడిటరుకు 184.5, ముగ్గురికి 553.5. ఫైళ్ల పరిమాణం కూడా దాదాపు ఐదు రెట్లవుతుంది. దీనికి ఎడిటర్లకు 2.5 గిగాబిట్, నాస్‌కు 10 గిగాబిట్ కనెక్షన్లతో పాటు వేగమైన డిస్కులూ కావాలి.

(ఇ) ప్రాక్సీలతో ఎడిటింగ్: ప్రాక్సీ అంటే అసలు ఫైలుకు తేలికపాటి నకలు. ప్రోరెస్ ప్రాక్సీ 1080 పరిమాణంలో, 25 ఫ్రేముల వద్ద 38 మెగాబిట్లు, అంటే 4.75 మెగాబైట్లు. తొమ్మిది ధారలకు కలిపి సుమారు 43. గిగాబిట్ నెట్‌వర్కే సరిపోతుంది. కత్తిరింపు ప్రాక్సీతో చేసి, చివర ఎగుమతి సమయంలో అసలు ఫైళ్లను వాడితే నాణ్యత తగ్గదు. ప్రాక్సీలు తయారయ్యేందుకు కొంత సమయం పడుతుంది. రాత్రి పూట కంప్యూటరును ఆ పనికి వదిలేయవచ్చు.

దీన్నిబట్టి పని పద్ధతిని మార్చుకుంటే ఖరీదైన పరికరం అవసరం తగ్గుతుందని గ్రహించాలి.

నెట్‌వర్క్ ఒక్కటే వేగాన్ని నిర్ణయించదు. ఒక హార్డ్ డిస్కు వరుసగా చదివితే సెకనుకు 150 నుంచి 250 మెగాబైట్లు ఇస్తుంది. తొమ్మిది ఫైళ్లను ఒకేసారి అడిగితే దాని తల అటూ ఇటూ కదలాలి కాబట్టి వేగం బాగా పడిపోతుంది. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు కనుక ఈ ఇబ్బంది ఉండదు. అయితే అదే స్థలానికి ధర ఎక్కువ.

9.5 రెయిడ్

పలు డిస్కులను ఒకటిగా వాడే పద్ధతి రెయిడ్. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రచురించిన పత్రంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది.

• రెయిడ్ 0: వేగం ఉంటుంది, రక్షణ లేదు. ఒక డిస్కు పోతే అంతా పోతుంది.
• రెయిడ్ 1: రెండు డిస్కులలో ఒకే సమాచారం. సగం స్థలమే మిగులుతుంది.
• రెయిడ్ 5: ఒక డిస్కు పోయినా సమాచారం నిలుస్తుంది. ఒక డిస్కు స్థలం తగ్గుతుంది.
• రెయిడ్ 6: రెండు డిస్కులు పోయినా నిలుస్తుంది. రెండు డిస్కుల స్థలం తగ్గుతుంది.

8 టెరాబైట్ల డిస్కులు నాలుగు తీసుకుంటే రెయిడ్ 5లో 24, రెయిడ్ 6లో 16 టెరాబైట్లు వస్తాయి. మనకు కావలసింది 19.5. కాబట్టి నాలుగు డిస్కుల రెయిడ్ 5 గానీ, ఐదు డిస్కుల రెయిడ్ 6 గానీ సరిపోతుంది. 24 టెరాబైట్లను విండోస్ 21.8గా చూపుతుంది. అది లోపం కాదు, లెక్కించే పద్ధతిలోని తేడా.

పాడైన డిస్కు స్థానంలో కొత్తది పెట్టాక, సమాచారాన్ని తిరిగి నింపాలి. సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున అయినా 8 టెరాబైట్లకు 11 గంటలు పడుతుంది. పని కూడా నడుస్తుంటే ఇంకా ఎక్కువ. రెయిడ్ 5లో ఆ లోగా రెండో డిస్కు పోతే అంతా పోయినట్లే. ఐదో డిస్కు ఖర్చు భరించగలిగితే రెయిడ్ 6 మేలు.

9.6 రెయిడ్ బ్యాకప్ కాదు

విద్యార్థులు తరచు పొరబడే విషయం ఇది. రెయిడ్ డిస్కు చెడిపోవడం నుంచి మాత్రమే కాపాడుతుంది. ఎడిటరు పొరపాటున ఫోల్డరు తీసేస్తే, రెయిడ్ ఆ తీసివేతను అన్ని డిస్కులలోనూ నమ్మకంగా అమలు చేస్తుంది. దొంగతనం, అగ్నిప్రమాదం, వైరస్‌ల నుంచి అది కాపాడదు. 2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసింది. ఫైల్ షేరింగుకు వాడే ఎస్ఎంబీ పాత వెర్షనులోని లోపం ద్వారానే అది వ్యాపించింది. కాబట్టి నాస్‌లో ఎస్ఎంబీ మొదటి వెర్షనును ఆపివేయాలి.

రక్షణకు 3-2-1 నియమం పాటించండి: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒక ప్రతి వేరే చోట. క్లౌడ్‌లో దాచాలంటే అప్‌లోడ్ వేగం చూసుకోవాలి. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో ఒక టెరాబైటు పంపడానికి 22 గంటలు పడుతుంది. అందుకని అసలు ఫుటేజీని మరో డిస్కులోకి తీసి స్టూడియోలో కాక ఇంట్లో దాచడం, ప్రాజెక్టు ఫైళ్లను, పూర్తయిన వీడియోలను మాత్రమే క్లౌడ్‌లో పెట్టడం ఆచరణీయం. రెండు చోట్ల ప్రతి పడేదాకా కెమెరా కార్డును ఫార్మాట్ చేయకూడదు.

9.7 స్థానిక పరిస్థితులు

• కరెంటు: రాస్తున్న సమయంలో కరెంటు పోతే ఫైళ్లు చెడవచ్చు. యూపీఎస్ తప్పనిసరి. నాస్‌కు యూఎస్‌బీ తీగతో సంకేతం పంపి, క్రమంగా ఆపించే రకం ఎంచుకోవాలి.
• ఎండ: రామగుండం, పెద్దపల్లి ప్రాంతంలో వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. డిస్కు తనంతట తాను కూడా వేడెక్కుతుంది. చాలా డిస్కుల పరిమితి 60 డిగ్రీలు. రేకుల గదిలో, మూసిన అలమారాలో నాస్ పెట్టకూడదు.
• దుమ్ము: రహదారి పక్కన, రైస్ మిల్లుల దగ్గర దుమ్ము ఎక్కువ. నెలకోసారి ఫ్యాన్లు శుభ్రం చేయాలి.
• తీగలు: క్యాట్ 6 తీగ వేస్తే రేపు 10 గిగాబిట్‌కు మారినా 55 మీటర్ల లోపు దూరానికి పనికొస్తుంది. వై-ఫైతో ఎడిటింగ్ చేయకూడదు.

9.8 మన స్టూడియోకు ఎంపిక

ఐదు డిస్కులు పట్టే నాస్, 8 టెరాబైట్ల డిస్కులు ఐదు, రెయిడ్ 6, ప్రాక్సీ పద్ధతి, యూపీఎస్, వేరే చోట దాచే బ్యాకప్ డిస్కులు. డబ్బు తక్కువైతే 10 గిగాబిట్‌ను వాయిదా వేయవచ్చు. నాలుగు డిస్కుల రెయిడ్ 5తో మొదలుపెట్టవచ్చు. బ్యాకప్‌ను మాత్రం వాయిదా వేయకూడదు. వేగం తక్కువైతే పని ఆలస్యమవుతుంది. బ్యాకప్ లేకపోతే పనే మిగలదు.

9.9 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఒక జానపద పాటల బృందం 2 కెమెరాలతో, సెకనుకు 200 మెగాబిట్ల వేగంతో, ఒక్కో కెమెరాతో 5 గంటలు చిత్రించింది. ఎంత స్థలం కావాలి?
2. 4 టెరాబైట్ల డిస్కులు ఆరింటితో రెయిడ్ 6 చేస్తే ఎంత స్థలం మిగులుతుంది?

జవాబులు: 1. 900 గిగాబైట్లు. 2. 16 టెరాబైట్లు.

9.10 సారాంశం

స్టోరేజీ ఎంపిక దుకాణంలో కాదు, కాగితం మీద మొదలవుతుంది. ఎన్ని కెమెరాలు, ఎన్ని గంటలు, ఎన్ని నెలలు అనే ప్రశ్నలు స్థలాన్ని నిర్ణయిస్తాయి. ఎందరు ఎడిటర్లు, ఏ రకం ఫైళ్లు అనేవి వేగాన్ని నిర్ణయిస్తాయి. రెయిడ్ పని ఆగకుండా చూస్తుంది. బ్యాకప్ పోయినదాన్ని తిరిగి ఇస్తుంది. రెండూ అవసరమే.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. నాస్ అంటే ఏమిటి? షేర్ చేసిన ఫోల్డరు కంటే అది ఎలా మెరుగైనది?
2. 'రెయిడ్ బ్యాకప్ కాదు' అనే వాక్యాన్ని ఉదాహరణలతో సమర్థించండి.
3. మీ ఊళ్లోని ఒక ఫొటో స్టూడియోను సందర్శించి, వారి అవసరాలు తెలుసుకొని, తగిన స్టోరేజీని లెక్కలతో సూచించండి.