మర్ఫా మేళము



మీరు బిడ్డల యిండ్లకు దిలుసుఖనగరమునకో ఎల్.బి. నగరమునకో వచ్చినప్పుడు పెండ్లి ఊరేగింపులలోఁ దీన్‌మార్ దరువును వినియే యుందురు. ఆ దరువు మన డప్పునందును గలదు. మర్ఫా యను పరదేశి వాద్యమునందును గలదు. ఆ మర్ఫా మేళమువారి చరిత్రము నేఁడు మనవి చేసెదను.

ఎల్.బి. నగరమునుండి చాంద్రాయణగుట్ట దాఁటిపోయినచో బార్కస్ అను పేట వచ్చును. సైనికుల వసతులకు ఆంగ్లమున బ్యారక్స్ అని పేరు. అదియే జనుల నోట బార్కస్ అయినది. యెమెన్ దేశమందలి హద్రమౌత్ సీమనుండి వచ్చిన అరబ్బులు నిజాము కొలువున సైనికులై యచ్చట నివసించిరి. ఆఫ్రికానుండి వచ్చినవారు సిద్దీలు. మన పాలమూరు సీమలోని వనపర్తి సంస్థానమున నుండిన ఆఫ్రికా అశ్వికదళము పిదప నిజాము సేనలోఁ జేరెను. నగరమందలి ఏ.సి. గార్డ్స్ అను పేటకు ఆ పేరు వారివలననే కలిగినది. అది ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్స్ అనుదానికి సంక్షేపము.

మర్ఫా నగారా జాతికిఁ జెందిన వాద్యము. దఫ్ఫు, డోలు, లోహపాత్రలు దానికిఁ దోడు. మేళము మ్రోగుచుండఁగాఁ బురుషులు ఖడ్గములను, కఱ్ఱలను త్రిప్పుచు నాడుదురు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమునఁ గలిసెను. పిదప నిజాము సేనలు రద్దయినవి. గుఱ్ఱములు పోయినవి, జీతములును బోయినవి. పెక్కు సిద్దీ కుటుంబములకు మిగిలినది లయజ్ఞాన మొక్కటియే. తమ పండుగలలో వాయించుకొను వాద్యమే వారికిఁ గూటి కాధారమయ్యెను. హిందువులు, మహమ్మదీయులు అను భేదము లేక అందఱి పెండ్లిండ్లకును వారు వాయించిరి. వారు పూర్వుల భాషను విడిచి దక్కను ఉర్దూ మాటాడుచున్నారు. లయను మాత్రము విడువలేదు. జీవితమంతయు వ్యాకరణము చెప్పిన నాకు ఇది వింతగాఁ దోఁచును. భాషకంటె లయకే ఆయువు హెచ్చు కాఁబోలు!

మనవారి సంగతియు నిట్టిదే. 19వ శతాబ్దమునఁ జెఱకుతోఁటల పనికి మారిషస్ ద్వీపమునకుఁ బోయిన తెలుఁగువారి సంతతి దీపము చుట్టును రామభజనము చేయుచు నాడుట నేఁటికిని మానలేదు. దానికి మనము గర్వింతుము. అట్టి మనము మన వీథిలో నిలిచిన పరదేశి లయను వట్టి రొదయని త్రోసివేయుట న్యాయము కాదు.

ఇప్పుడు పెండ్లిండ్లలో యంత్రపుఁ బెట్టెల పాట హెచ్చుచున్నది. పెట్టెకు ఆఁకలి లేదు, వాయించువానికిఁ గలదు. శుభకార్యము తలపెట్టు పెద్దలు పట్నమున మర్ఫా మేళమును, పల్లెలో డప్పు మేళమును బిలిచినచో, ఆ యిండ్లఁ బొయ్యి వెలుఁగును. వారి బిడ్డలకు విద్య నిలుచును. ఇదియే నా విన్నపము.