మా వీధికి పార్కు ఎట్ల వస్తుంది?

ధర్మవరంలో మగ్గం నేసే ఒక అక్క మా చదువు కేంద్రానికి వస్తుంది. పొద్దున కూర్చుంటే రాత్రి దాకా మగ్గం గుంతలోనే కాళ్లు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. డాక్టరు రోజూ అర్ధగంట నడవమన్నాడంట.

"రోడ్డు మీద నడిస్తే ఆటోలు, లారీలు. సందులో నడిస్తే కుక్కలు. యాడ నడిచేది టీచరమ్మా?" అని అడిగింది.

ఆ ప్రశ్న మీదనే ఈ పాఠం.

నడవడానికి బాట, పిల్లోళ్లు ఆడుకోవడానికి జాగా, కూర్చోవడానికి చెట్టు నీడ. ఇవన్నీ డబ్బున్నోళ్ల ముచ్చట్లు అనుకుంటాం. కాదక్కా. 1992లో మన రాజ్యాంగానికి 74వ సవరణ చేశారు. మునిసిపాలిటీలకు అప్పజెప్పదగిన 18 పనులను అందులో రాశారు. నీళ్లు, రోడ్లు, చెత్త ఎత్తడం ఉన్నట్టే పార్కులు, తోటలు, ఆటస్థలాలు కూడా ఆ పట్టీలో ఉన్నాయి. హిందూపురం, ధర్మవరం పాత మునిసిపాలిటీలు. పెనుకొండ మాత్రం 2020లో పంచాయతీ నుంచి పట్టణమైంది.

మొదట కావలసింది డబ్బు కాదు, జాగా. పొలాన్ని ప్లాట్లు వేసి అమ్మేవాళ్లు కొంత భూమి అందరి కోసం వదలాలి. మన రాష్ట్రంలో 2017లో వచ్చిన లేఅవుటు నిబంధనల్లో నూటికి కనీసం పది వంతులు వదలాలని రాశారు. అంటే పది ఎకరాల లేఅవుటులో ఒక ఎకరా. దాన్ని ఉచితంగా మునిసిపాలిటీకి రాసివ్వాలి.

ఆ ఎకరా ఏమవుతుందో మీకు తెలుసు. ముందు ఎవరో పెంట వేస్తారు. తర్వాత బండలు దింపుతారు. ఆ తర్వాత రేకుల షెడ్డు లేస్తుంది. "ఇది మాదే" అంటారు. అందుకే లేఅవుటు ప్లాను నకలు మన చేతిలో ఉండాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద మునిసిపల్ ఆఫీసులో అర్జీ ఇస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నోళ్లు ఆ రుజువు జత చేస్తే ఫీజు లేదు.

హిందూపురంలో రైలెక్కితే బెంగళూరు ఎంతో దూరం లేదు. అక్కడ రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకని వదిలిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రి కట్టడానికి ఇచ్చేశారు. అక్కడి జనం కోర్టుకు పోయారు. మొదట ఓడిపోయారు. ఊరుకోలేదు, మళ్లీ పోయారు. చివరికి 1991లో సుప్రీంకోర్టు, పార్కు స్థలాన్ని అట్ల ఇవ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. ఆసుపత్రి మంచిదే కదా అనుకోవచ్చు. కానీ పార్కు కూడా ఆరోగ్యం కోసమే.

ఇక డబ్బు. మనం కట్టే ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను మునిసిపాలిటీ సొంత రాబడి. అది జీతాలకు, దీపాలకు, చెత్త బండ్లకే చాలా మటుకు పోతుంది. అందుకని పై ప్రభుత్వాల వైపు చూస్తారు. 2015లో కేంద్రం 'అమృత్' పథకం పెట్టింది. లక్ష జనాభా దాటిన పట్టణాలకు అది. 2011 లెక్కల్లో హిందూపురం జనాభా లక్షన్నర, ధర్మవరం లక్షా ఇరవై వేలు దాటింది. రెండూ అందులో చేరాయి. చిన్న ఊరు కాబట్టి పెనుకొండ చేరలేదు. ఆ పథకంలో ఇలాంటి పట్టణాలకు పని ఖర్చులో సగం కేంద్రం ఇచ్చేది. అయితే ప్రణాళికలో ప్రతి వంద రూపాయల్లో పార్కులకు రెండున్నర రూపాయల దాకానే. మిగిలింది ఎక్కువగా నీళ్లకు, మురుగు కాలువలకు. మన సీమలో నీళ్లే ముందు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ రెండున్నర రూపాయలైనా ఏ వార్డుకు పోయిందో అడగాలి. అడిగిన వార్డుకే ముందు పోతుంది.

2021 అక్టోబరులో మొదలైన రెండో అమృత్‌లోకి చిన్న పట్టణాలను కూడా తీసుకున్నారు. పెనుకొండ లాంటి ఊళ్లకు అట్ల దారి దొరికింది.

అడగడం ఎట్ల? పది మంది సంతకాలు పెట్టి కమిషనరుకు అర్జీ ఇవ్వండి. వేలిముద్ర వద్దు, సంతకమే. సర్వే నంబరు రాయండి. ఏం కావాలో రాయండి: చుట్టూ కంచె, నడక బాట, దీపాలు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి. తీసుకున్నట్టు రసీదు అడగండి. తర్వాత ఇంజనీరు వచ్చి కొలిచి అంచనా వేస్తాడు. అది కౌన్సిల్ ముందుకు పోతుంది. కౌన్సిల్ లేని రోజుల్లో ప్రత్యేక అధికారి చూస్తాడు. తీర్మానం అయినాక టెండరు, ఆ తర్వాత పని.

పెనుకొండలో కుంభకర్ణ ఉద్యానవనం చూశారా? పడుకున్న కుంభకర్ణుడి కడుపులోకి పిల్లోళ్లు దూరి ఆడుకుంటారు. ఆయన పడుకుంటే ముచ్చటే. మన ఫైలు పడుకోకూడదు. నెలకొకసారి రసీదు పట్టుకొని పోయి లేపాల్సిందే.

పార్కు వచ్చినాక ఇంకో చిక్కు ఉంది. మన ఎండలకు మొదటి రెండు వేసవుల్లో నీళ్లు పోయకపోతే మొక్క బతకదు. పచ్చగడ్డి పరిచి పూల కుండీలు పెడితే ఫోటోకు బాగుంటుంది, ఏప్రిల్‌కు ఎండిపోతుంది. వేప, కానుగ నాటమని అర్జీలోనే రాయండి. నీళ్లు పోసే మనిషికి కూలి ఎవరిస్తారో కూడా అడగండి. పార్కుల నిర్వహణను పొదుపు సంఘాల ఆడవాళ్లకు ఇచ్చే ఏర్పాటు రెండో అమృత్‌లో ఉంది. దాన్ని 'అమృత్ మిత్ర' అంటారు. మీ సంఘం లీడరును తోడు తీసుకొని మునిసిపల్ ఆఫీసులో మెప్మా వాళ్లను అడగండి.

మా అక్క అర్జీ రాసింది. 'ఉద్యానవనం' అనే మాట దగ్గర రెండుసార్లు కొట్టేసి, చివరికి 'పార్కు' అని రాసింది. అదే చాలు.